ఇంకా ఒకరు తినాలి

బుధవారం వచ్చిందంటే డాక్టర్ వకుళ చేతిలో కత్తి ఉండదు, గుడ్డసంచీ ఉంటుంది. సన్నబడే ఆపరేషన్ల కోసం వచ్చినవాళ్లని ఆసుపత్రి కింది అంతస్తులో కూర్చోబెట్టి, ఎవరికి ఏం కోస్తారో, ఏం కుడతారో విడమరిచి చెప్పే రోజది. కాకినాడలో ఇరవై ఏళ్లుగా చెబుతోంది. చెప్పిందే చెప్పి, కోసిందే కోసి, ఆవిడకి విసుగు కూడా వచ్చి పోయింది. ఇప్పుడు మిగిలింది అలసట ఒక్కటే.

"ఇదిగో, ఇది మీ కడుపనుకోండి," అని సంచీ పైకెత్తింది. "స్లీవ్ ఆపరేషన్ అంటే ఇందులో ముప్పాతిక భాగం నిలువునా కోసి తీసేసి, మిగిలింది ఇలా అరటికాయలా సన్నగా కుట్టేస్తాం. తీసేసింది మళ్లీ రాదు. బైపాస్ అంటే కడుపుని పైన కోడిగుడ్డంత మాత్రం ఉంచి, కింది పేగుని తెచ్చి దానికి కలుపుతాం. తిన్నది పెద్ద కడుపులోకి పోదు, చుట్టుదారిన పోతుంది."

"అంటే బస్సు ఊళ్లోకి రాదన్నమాటండి. అటునించటే ఎల్లిపోద్ది," అన్నాడు ముందు బల్ల మొత్తం తానే అయి కూర్చున్న మనిషి. అందరూ నవ్వారు.

అతని పేరు సూర్రావు. పెళ్లిళ్ల వంట మేస్త్రీ. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారుగానీ, తాను మాత్రం కొండలా పెరిగానని తనే చెప్పుకుని నవ్వుతాడు. వండినవాడి కడుపు నిండాకే విస్తళ్లు పరవాలన్నది అతని సిద్ధాంతం. ముందు మేస్త్రీ తిని బతికి ఉంటేనే కదా పెళ్లివారికి ధైర్యం, అంటాడు.

"అంతే సూర్రావుగారూ. కానీ బస్సు రాని ఊరికి సరుకులూ సరిగా రావు. బైపాస్ చేయించుకుంటే బతికినన్నాళ్లూ విటమిన్ మాత్రలు మింగాలి. గబగబా చిక్కితే పిత్తాశయంలో రాళ్లు పడొచ్చు. కోసిన చోట కండ బలహీనపడి పేగు బయటికి తోసుకొస్తే దాన్ని హెర్నియా అంటాం, లోపల వల వేసి కుట్టాలి. కడుపు కుట్టు ఊడి కారిందంటే మళ్లీ పొట్ట తెరవాలి. అలా తెరిపించుకున్నవాళ్లు అందరూ లేచి ఇంటికెళ్లారని చెప్పలేను. అదీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"మరి కొయ్యనిదీ కుట్టనిదీ ఏదో కనిపెట్టారంట గదండి మీరు?" అన్నాడు సూర్రావు.

వకుళ సంచీ మడతపెట్టి పక్కన పెట్టింది. ఆ ప్రశ్న కోసమే పదేళ్లు పనిచేసింది. "నిండుపొర అంటాం దాన్ని. నోట్లోంచి గొట్టం దించి కడుపు గోడకి ఉల్లిపొరంత పల్చటి పొర అంటిస్తాం. ల్యాబులో కణాలతో పెంచిన పొర, గోడలో కలిసిపోతుంది. కడుపు నిండినప్పుడు మెదడుకి 'చాలు' అని చెప్పే నరం ఉంటుంది. ఈ పొర నాలుగు ముద్దలకే ఆ నరానికి 'చాలు' అని చెప్పేస్తుంది."

"దానికెలా తెలుస్తాదండి, చాలని?"

"బాగా తృప్తిగల మనిషి ఒకరి కడుపులో పుట్టే అలని పట్టుకుని దీనికి నేర్పాం."

"ఎవరండి ఆ పుణ్యాత్ములు?"

ఆవేళ మొదటిసారి వకుళ నవ్వింది. "మా అక్క," అంది.

*

అక్క మాణిక్యాంబ ముప్పై ఏళ్లపాటు మెడికల్ కాలేజీ కుర్రాళ్లకి మెస్సు నడిపింది. తల్లీతండ్రీ పోయాక చెల్లెల్ని డాక్టర్ని చేసింది ఆ మెస్సే. మోకాళ్లు మొరాయించాక మూసేసి, పెళ్లి గోల పెట్టుకోని చెల్లెలింటికి వచ్చేసింది. పిడికెడు తింటుంది, పక్షిలా తిరుగుతుంది. ఆవిడ దగ్గర తిని డాక్టర్లయినవాళ్లు ఎప్పుడు కలిసినా, "మాణిక్యమ్మగారిదండీ తృప్తంటే!" అనేవారు.

నిండుపొరకి పాఠం చెప్పడానికి పన్నెండు మందికి చిన్న యంత్రం ఉన్న మాత్రలు మింగించారు. మిగతా పదకొండు మంది అలలూ గాలివానలో దీపాల్లా ఊగాయి. కడుపు నిండిందంటూనే జిలేబీ కనబడితే తెగిపోయేవి. మాణిక్యాంబది మాత్రం గీత గీసినట్టు నిలిచింది.

"మేడమ్, ఇది కడుపు కాదు, తపస్సు," అన్నాడు ఫణీంద్ర. పొరని తయారుచేసిన ఇంజినీరు అతనే. రోజూ పూటపూటకీ ఫోన్ చేసి, "తిన్నారా అమ్మా?" అని అడిగేవాడు. "తిన్నాను నాయనా," అనేది ఆవిడ. అదే భోజనం వేళగా గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత వచ్చిన అలని తృప్తిగా తీసుకున్నారు. మాత్రనే మరో మాట అడగొచ్చు, అన్నం దిగిందా లేదా అని. పెద్దావిడ తిన్నానని చెబుతుంటే యంత్రాన్ని సాక్ష్యం అడగడమేమిటని ఎవరికీ తోచలేదు.

అనుమతులొచ్చాక మొదటి విడతలో సూర్రావుతో కలిపి పందొమ్మిది మందికి పొర వేశారు. కత్తి లేదు, కుట్టు లేదు, పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రానికి ఇంటికెళ్లారు. బరువు మంచులా కరిగింది. టైలరింగ్ నేర్పే ఇందుమతి అత్తగారు కోడలి వెంట వచ్చి, "ఇదివరకు వంటింట్లో చెయ్యి ఊరుకునేది కాదండీ. ఇప్పుడు అందరికీ పెట్టాకే తింటోంది, బంగారమైపోయింది," అని మురిసిపోయింది. ఇందుమతి నవ్వింది. వకుళ కూడా నవ్వి, చాలా బావుందమ్మా, ఇలాగే ఉండండి అని పంపించింది. ఎన్నాళ్ల తర్వాతో తాను ఇక కోయనక్కర్లేదన్న ఊహతో ఆ పూట హాయిగా నిద్రపోయింది.

*

సూర్రావు భార్య కుమారి ఒంటరిగా వచ్చింది.

"పెళ్లయిన పాతికేళ్లకి మొన్న నన్ను 'నువ్వు తిన్నావా' అనడిగాడండి. నాకు భయమేసిందండి డాక్టరమ్మగారూ."

వకుళకి నవ్వొచ్చింది. "అందులో భయమేముందమ్మా?"

"మొదట్లో ముచ్చటేసిందండి. తర్వాత పిల్లలొచ్చేదాకా ముట్టనన్నాడండి. పిల్లలొచ్చి తిన్నాక పక్కింటోళ్లు తిన్నారో లేదో కనుక్కోమంటాడండి. నిన్న పాలబ్బాయినాపి తిన్నావా అనడిగితే, లేదన్నాడని ఈయన కంచం కాడినించి లేచిపోయాడండి. ఏటిది అంటే, ఇంకా ఎవరో తినాలే అంటాడండి. ఎవరో ఆయనకీ తెలీదంటండి."

వకుళ ఫణీంద్రని పిలిచింది. అతను తల గోక్కుని, మనసుకి సంబంధించినదేమో మేడమ్ అన్నాడు. మనసు డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చారు. సూర్రావు అక్కడికి వెళ్లలేదు, పెద్దాపురంలో పెళ్లికి వెళ్లాడు.

వండి, విస్తళ్లు పరిపించి, తాను నిలబడ్డాడు. పెళ్లివారు తిన్నారు. ఆలస్యంగా వచ్చిన బస్సువారు తిన్నారు. బ్యాండువాళ్లు తిన్నారు. మేస్త్రీగారూ మీరు కూర్చోండంటే, విస్తళ్లెత్తేవాళ్లు తినలేదన్నాడు. వాళ్లూ తిన్నారు. ఇంకా ఎవరో ఉన్నారని వీధి చివరిదాకా వెళ్లి చూసొచ్చి, పొయ్యి పక్కన కూలబడ్డాడు. అప్పటికి ఎన్నాళ్లనుంచి అతని కడుపులో సరిగ్గా ముద్ద పడలేదో ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో మామూలు వార్డులో వేశారు. అది మరీ పొరపాటు. పొట్ట ఆపరేషన్లకి సిద్ధంగా ఉన్నవాళ్ల వార్డది. మంచం మంచానికీ తలవైపు 'నోటికి ఏమీ ఇవ్వరాదు' అన్న బోర్డులు. సూర్రావు తల తిప్పిన ప్రతివైపూ తినకుండా ఉన్న మనిషే. గొట్టంలోంచి పోసిన గంజి కూడా వాంతయిపోయింది. "ఇంతమంది ఆకలితో ఉంటే నాకెలా దిగుతాదండి," అని ఏడ్చాడు. విడి గదిలోకి మార్చినా ఆ బోర్డులు అతని కళ్లముందునుంచి పోలేదు. నరంలోంచి ఎక్కించే పోషకాలతో కొన్నాళ్లు నెట్టేసరికి కాలేయం మొరాయించింది.

"పొర తీసేద్దాం," అన్నాడు ఫణీంద్ర.

"ఎలా తీస్తాం? గోడలో కలిసిపోయింది. కడుపు మొత్తం తియ్యాలి. ఈ ఒంట్లో కుట్టు అతకదు, బల్ల మీదే పోతాడు."

"బయటినుంచి పొరకి సంకేతాలు పంపే బెల్టు నడుముకి కట్టి, వేరే అల నేర్పిద్దాం."

ఫణీంద్ర తన కడుపు అలే పంపించి చూశాడు. సూర్రావుకి వాంతులు ఆగలేదు. ఆ పొర పుట్టిన దగ్గరనుంచీ ఒక్కరి భాషే విన్నది, పరాయి భాష దానికి ఎక్కదు.

అప్పుడు వకుళ మిగతావాళ్లకి ఫోన్లు చేయించింది. మగవాళ్ల ఇళ్లలో అప్పుడే చిన్నచిన్న గొడవలు మొదలయ్యాయి. పదకొండు మంది ఆడవాళ్లలో పదిమంది, "బావున్నామండీ," అన్నారు. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. ఆడది అందరూ తిన్నాక తింటోందంటే, తినడమే మానేసిందంటే, ఏ ఇంట్లో వింత? పదకొండో ఆవిడ ఇందుమతి. రెండు వారాల కిందట నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు ఆమె భర్త. "ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందండీ," అన్నాడు.

వకుళ ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచింది. సబ్బు రాసుకుని, నీళ్లు తిప్పడం మరిచిపోయి అలాగే నిలబడింది. తాను చంపింది. కత్తి ముట్టకుండా చంపింది. పైగా, ఇలాగే ఉండండి అని చెప్పి పంపించింది.

*

ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లింది. ఆ వేళప్పుడు ఇంటికి రావడం ఆవిడకి అలవాటు లేదు.

"అదేమిటే ఇప్పుడొచ్చావు? ముఖం అలా వేలాడేశావేం? కూర్చో, అన్నం పెడతాను," అంటూ మాణిక్యాంబ కంచం తెచ్చింది.

"నువ్వు తిన్నావా అక్కా?"

"నేను తినేశాలే."

అక్క అన్నం గిన్నె మూత తీసింది. అన్నం నిండుగా, పైన ఎక్కడా గరిటె దిగకుండా ఉంది. పప్పుగిన్నె కూడా అంతే. వకుళ గిన్నె వంక చూసింది, అక్క వంక చూసింది.

"తినేశానన్నావు. ఏ గిన్నెలోంచి తిన్నావు?"

"తింటాలేవే. డ్రైవరు అప్పల్రాజు తినలేదు, పనమ్మాయి తినలేదు."

"మరి తినేశానని ఎందుకన్నావు?"

మాణిక్యాంబ ఈ ప్రశ్నకి నిజంగానే తెల్లబోయింది. "అలా అనకపోతే నువ్వు తినవు కదే," అంది.

"ఆ మాత్ర మింగిన రోజుల్లో ఫణీంద్ర ఫోన్ చేసేవాడు కదా. అతనికేం చెప్పేదానివి?"

"తిన్నాననే. పాపం, నేను తినలేదంటే అతనూ తినకుండా కూర్చుంటాడని."

"నువ్వసలు ఎప్పుడు తినేదానివి అక్కా? మెస్సులో?"

"ఎప్పుడో అప్పుడు. ఎవడో ఒకడు రావాలి కదే ఇంకా. క్యాజువాల్టీ డ్యూటీ అయ్యి ఏ వేళకో వస్తాడు, వాడొచ్చేసరికి గిన్నెలో అన్నం ఉండాలి. వాడు రాకపోతే అప్పుడు చూసుకునేదాన్ని. మజ్జిగ ఉండేది."

"ఆకలేసేది కాదా?"

"మొదట్లో వేసేది," అంది మాణిక్యాంబ చారు కలుపుతూ. "తర్వాత దానికీ తెలిసిపోయింది, అడిగి లాభం లేదని."

చిన్నప్పటినుంచీ అక్క చేతి అన్నం తిన్న వకుళ, అక్క తింటుండగా ఒక్కసారి కూడా చూడలేదు. ఈ ముక్క ఇప్పుడు తట్టింది. డాక్టరయ్యి, వేలమంది కడుపులు తెరిచి చూసి, ఇంట్లో కడుపు ఒక్కటీ చూడలేదు. తామంతా కలిసి యంత్రాలతో పట్టుకుని, తృప్తి అని పేరు పెట్టి, పందొమ్మిది మంది కడుపుల్లో అతికించింది తృప్తి కాదు. ఇంకా రాని మనిషి కోసం నోరు కట్టుకోవడం. ఆవిడకి అన్నం ముందు కూర్చునే ఏడుపొచ్చింది.

"ఎవరైనా పోయారా?" అంది మాణిక్యాంబ మెల్లగా.

వకుళ అంతా చెప్పింది. ఇందుమతి సంగతీ, సూర్రావు సంగతీ.

*

మర్నాడు ఫణీంద్ర ఇంటికే వచ్చాడు. మాణిక్యాంబ అసలైన తృప్తి అల ఒక్కటి దొరికితే చాలు, సూర్రావు పొరకి అది అర్థమవుతుంది. ఆవిడకి మాత్ర మింగించి, పీట వేసి, ముందుగా వడ్డించారు. వకుళ వడ్డించింది. అప్పడం విరిగింది, పులుసు కంచం అంచు దాటింది.

మాణిక్యాంబ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, ఇంకా నమిలింది. తెరమీద గీత పాత గీతే.

"మీరిలా నిలబడి చూస్తుంటే ముద్దెలా దిగుతుందే?"

పక్కగదిలోకి వెళ్లారు. ఆవిడ కంచం పక్కకి జరిపి, ఇల్లు సర్దడం మొదలెట్టింది. మిగతా అందరూ కలిసి కూర్చుని తిన్నారు, అప్పల్రాజుతో సహా. గీత కదల్లేదు.

"ఇంకెవరక్కా? అందరం తిన్నాం కదా!" వకుళ దాదాపు అరిచింది.

"అక్కడ మంచంమీద ఒకడు తినకుండా ఉన్నాడని నువ్వేగా చెప్పావు. నా ఆకలి మోస్తున్నాడు వాడు. వాణ్ణి అలా పెట్టి నేనెలా తింటానే?" మాణిక్యాంబ కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచింది. "కారియర్ తియ్యి. చారన్నం మెత్తగా పిసుకుతాను. పద."

*

సూర్రావు మంచంలో ఉన్నాడా అంటే ఉన్నాడు. చర్మం మాత్రం ఇంకా పాత మనిషి కొలతకే ఉంది. కుమారి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఫణీంద్ర అతని నడుముకి బెల్టు కట్టి, మాణిక్యాంబ గీత కనిపించే తెరని ఆవిడ వెనక గోడకి ఆనించి పెట్టాడు.

"ఏం నాయనా, నా వల్ల నీకింత కష్టమొచ్చిందట," అంది మాణిక్యాంబ మంచం పక్కన కుర్చీ లాక్కుని.

అతను కళ్లు తెరిచాడు. "అందరూ తిన్నారాండి?"

"అందరూ తిన్నారు. నీదే ఆలస్యం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. లే, కొంచెం తిందువుగాని."

సూర్రావు ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. "మీరు తినలేదండి."

"నేను తినేశాను నాయనా."

"లేదండి." చెయ్యి పొట్టమీద పెట్టుకున్నాడు. "నాకు తెలుత్తాందండి. ఇక్కడ తెలుత్తాంది. మీరు తినలేదు. చాలా రోజులనించి తినలేదండి మీరు."

ముప్పై ఏళ్లు వందలమందికి చెల్లిన అబద్ధం ఈ ఒక్కడి దగ్గర చెల్లలేదు. మాణిక్యాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేదు నాయనా. తినలేదు," అంది.

"అయితే ముందు మీరు తినండి."

"ముందు నువ్వు."

"మీరండి."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు, మధ్యలో చారన్నం. ఇద్దరివీ ఒకటే కడుపు, ఎవరు ముందు తింటారు? మంచం పక్క యంత్రంలో అతని గుండె చప్పుడు అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పుతోంది. ఫణీంద్ర వకుళ వంక చూశాడు. ఆవిడ దగ్గర మందు లేదు, కత్తి లేదు. చేతులు రెండే ఉన్నాయి.

వకుళ వెళ్లి చేతులు కడుక్కుంది. కారియర్ పెద్ద గిన్నెలోకి అన్నమంతా తీసి, చెయ్యి పెట్టి కలిపింది. చిన్నప్పుడు తమ తల్లి చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేది. అందరి చేతుల్లోనూ ముద్ద పడ్డాకే, తినండర్రా అనేది. ముందూ లేదు, వెనకా లేదు.

"చేతులు పట్టండి," అంది.

అక్క చేతిలో ఒక ముద్ద పెట్టింది. సూర్రావు చేతిలో ఉసిరికాయంత పెట్టింది. ఇద్దరూ కుమారి వంక చూశారు, ఆమెకీ పెట్టింది. ఫణీంద్రకి పెట్టింది. అయినా కదల్లేదు. అక్క, సూర్రావు ఇద్దరూ ఇప్పుడు వకుళ వైపే చూస్తున్నారు. ఆవిడ తన ఎడం చేతిలో ఒక ముద్ద పెట్టుకుంది. నిన్నటి నుంచి తానూ తిన్నాననిపించుకుందేగానీ సరిగా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"తినండర్రా," అంది.

తిన్నారు. సూర్రావు గొంతు కదిలింది. వాంతి కాలేదు.

రెండో ముద్ద. మూడో ముద్ద. మాట్లాడకుండా కలుపుతూ, పెడుతూ పోయింది వకుళ. ఎక్కడో నాలుగో ముద్దకి ఫణీంద్ర తింటున్న చేత్తోనే గోడవైపు చూపించాడు. ఇన్నాళ్లూ బిగుసుకుని పడి ఉన్న గీత మెల్లగా పైకి లేచింది, కాసేపు నిలిచి, అలాగే మెల్లగా దిగింది. మాణిక్యాంబ అరవై నాలుగేళ్ల ఒంట్లో అదెన్నో సారో, బహుశా మొదటిసారో.

ఫణీంద్ర చెయ్యి తుడుచుకుని ఆ అలని బెల్టులోకి పంపించాడు. సూర్రావు కాసేపటికి కళ్లు మూసుకుని, "ఎవరూ లేరండింక," అన్నాడు. "అందరూ వచ్చేశారు." కుమారి అతని పాదాల మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది.

"మేడమ్, దొరికింది," అన్నాడు ఫణీంద్ర గొంతు తగ్గించి. "మిగతావాళ్లలో ఎవరిని ముందు పిలిపించమంటారు? మగవాళ్లు ఫోన్లు చేసి గొడవ చేస్తున్నారు."

"బావున్నామన్నారే, ఆ పదిమందిని," అంది వకుళ. "బండి పంపించు. వాళ్లు రామంటారు, పనుందంటారు. వినకు."

ఇందుమతికి బండి పంపలేదు. ఆ పదకొండో ముద్ద ఇక జన్మంతా తన చేతిలోనే ఉంటుందని వకుళకి తెలుసు. ఆవిడ అలసట ఏమీ తీరలేదు. ఒళ్లంతా బరువుగా ఉంది. గిన్నెలో అడుగున కొంచెం అన్నం మిగిలింది. అలవాటు కొద్దీ అక్క దానికి మూత పెట్టేస్తుందని, ఇంకెవరైనా వస్తారేమో ఉంచవే అంటుందని అనుకుంటూ తలెత్తింది.

మాణిక్యాంబ చెయ్యి చాపే ఉంచింది.

"ఇంకో ముద్ద పెట్టవే," అంది. "ఆకలేస్తోంది."